దొన్నెలో దొన నీళ్లు

మొన్న మనవరాలితో కలిసి కర్నూలు నుంచి నంద్యాలకు కారులో పోతున్నాను. ఓర్వకల్లు ఇంకా రాలేదు. రోడ్డు పక్కన కొత్తగా వెలిసిన హోటలు ముందు ఇంటి కప్పంత బోర్డు కనిపించింది. ‘దొన్నె బిర్యానీ’ అని ఎర్రటి అక్షరాలు, పక్కన ఆకు దొన్నెలో పొగలు కక్కుతున్న బిర్యానీ బొమ్మ. నాకు నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏంటవ్వా, బిర్యానీని చూసి నవ్వుతావేంటి?” అంది మనవరాలు. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. మా ఎండను అద్దాల లోపలి నుంచే చూస్తుంది.

“మా చిన్నాయన ఉంటే ఆ బోర్డు కింద నిలబడి ఫొటో తీయించుకునేవాడు. జనం ఆయన్ని దొన్నె ఎమ్మెల్యే అనేవాళ్లు” అన్నాను.

“మన ఇంట్లో ఎమ్మెల్యేనా? నాకెవరూ చెప్పలేదే!”

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఒక్కసారి గెలిచి, ఆ తర్వాత మళ్లీ సైకిళ్లకు పంచర్లు వేసుకున్న మనిషిని ఎవరు తలుచుకుంటారు? కారు ఆపించాను. హోటల్లో ఓ మూల కూర్చుని దానికి బిర్యానీ తెప్పించి, చెప్పడం మొదలుపెట్టాను. బిర్యానీ చల్లారిపోయింది గానీ పిల్ల చెయ్యి పెట్టలేదు.

మా ఊరు అక్కడికి దగ్గరే. చుట్టూ బండరాళ్ల గుట్టలు, మధ్యలో జొన్న చేలు, కొర్ర చేలు, ఆముదపు చెట్లు. ఊళ్లో బావులు లేకపోలేదు. కానీ అన్నీ ఉప్పు నీళ్లే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, తల రుద్దుకుంటే జుట్టు చీపురైపోతుంది. తాగే నీళ్లు మాత్రం కొండ మీది దొనలోంచి తెచ్చుకునేవాళ్లం. దొన అంటే చెరువు కాదు, బావి కాదు. బండలో తనంతట తాను ఏర్పడిన లోతైన గుంట. కొండ మీద పడిన వానంతా బండల మీదుగా జారి అందులోకి చేరుతుంది. పక్కనున్న పెద్ద గుండు, అంటే గుండ్రటి బండరాయి, పొద్దస్తమానం దానికి నీడ ఇస్తుంది. నడి ఎండాకాలంలో కూడా ఆ నీళ్లు చల్లగా, కాస్త తియ్యగా ఉండేవి. ఆ తర్వాత ఎన్ని ఊళ్ల నీళ్లు తాగానో, ఆ రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు.

దొనకు మా జేజి, అంటే మా నాన్నమ్మ, కాపలా. ఎవరో పెట్టిన కాపలా కాదు, ఆమే పెట్టుకున్నది. చెప్పులతో పైకి ఎక్కకూడదు, చేతులు ముంచకూడదు, చెంబుతో వంగి తీసుకోవాలి. పిల్లలం కాళ్లు పెడతామేమోనని, “కాలు పెట్టినోళ్ల ఏళ్లు కప్ప ఏళ్లయితాయి, సూసుకోండి” అని బెదిరించేది. ఒకసారి ఎవరూ లేనప్పుడు బొటనవేలు ముంచి చూశాను. తర్వాత చాలా రోజులు స్నానం చేసినప్పుడల్లా ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

తొలి వానలకు దొన నిండగానే కొత్తనీళ్ల పండగ చేసేవాళ్లం. ఊరంతా కొండెక్కేది. కొర్రన్నం, పచ్చిపులుసు, వేరుశనగ బుడ్డల పొడి అక్కడే వండుకుని తినేవాళ్లం. ఆ రోజు చెంబులు, గ్లాసులు కొండ మీదికి తీసుకుపోకూడదు. ఏ వీధి వాళ్లయినా, ఎవరైనా, మోదుగాకు దొన్నెలోనే తాగాలి. తడిసిన బండ వాసన, పచ్చి ఆకు వాసన, పసుపు వాసన కలిసి ఆ నీళ్లలోకి దిగేవి. తాగిన దొన్నెను ఎవరికి వాళ్లు నలిపి మేకలకు వేసేవాళ్లు. ఈ దొన్నెల సంగతి గుర్తుపెట్టుకో అని మనవరాలికి చెప్పాను. కథంతా అక్కడే తిరుగుతుంది మరి.

మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు, బస్సులు ఆగే చోట సైకిలు షాపు పెట్టుకున్నాడు. ఆయన చొక్కాకు ఎప్పుడూ పంచరు సొల్యూషను వాసన. షాపులో ఆయన జతగాడు మా పక్కింటి సాయిబు మామ. ఇద్దరూ ఒకే బీడీని మార్చి మార్చి తాగేవాళ్లు. చిన్నాయన మాటల మనిషి కాదు. ఎవరేం చెప్పినా ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తూ, “ఊ... ఊ...” అంటూ వినేవాడు. చెప్పుకున్నవాళ్లకు మాత్రం సగం కష్టం తీరినట్టు ఉండేది.

అలాంటి మనిషికి ఎమ్మెల్యే టికెట్ ఎట్లా వచ్చిందంటే, ఎవరికీ ఇవ్వలేక ఇచ్చారు. మా నియోజకవర్గంలో రెండు పెద్ద ఇళ్లు ఉండేవి. ఒక ఇంటికి టికెట్ ఇస్తే రెండో ఇల్లు అగ్గి మీద గుగ్గిలం. రెండో ఇంటికిస్తే మొదటి ఇల్లు అంతే. చివరికి రెండిళ్లకూ కోపం రాని మనిషి కోసం వెతికారు. రెండిళ్ల జీతగాళ్ల సైకిళ్లకూ గాలి కొట్టే మనిషి ఒక్కడే కనిపించాడు. నోట్లో నాలుక లేనివాడు, చెప్పినట్టు వింటాడు అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ కబురు తెలిసి జేజి జొన్నరొట్టె తట్టడం ఆపి, “నా కొడుకు ఎమ్మెల్యే అయితే పంచర్లు ఎవురేస్తారప్పా?” అని అడిగింది. కబురు తెచ్చినాయన సాయిబు మామ వైపు చూశాడు. “నేనుండాను లే అత్తా” అన్నాడు సాయిబు మామ.

ఎన్నికల రోజులు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉగ్గాని. జీపు ఆగిన ప్రతిచోటా బొరుగులు నానబెట్టి, పసుపు, పచ్చిమిరపకాయలు వేసి ఉగ్గాని కలిపేవాళ్లు. పక్కన బాణలిలో మిరపకాయ బజ్జీలు. ఆ వాసనకు పిల్లలం ఊరూరా జీపు వెంట పరిగెత్తాం. చిన్నాయన ఉపన్యాసం మాకందరికీ కంఠతా వచ్చేది. జీపెక్కి, “నేను మీవాన్నే. ఓటు మీ ఇష్టం” అని దిగిపోయేవాడు. గెలిచాడు.

గెలిచాక కూడా చాలా రోజులు సైకిల్ మీదే తిరిగాడు. ఇంటికి వచ్చేపోయే జనం, వాళ్లకు జేజి పోసే మజ్జిగ. ఆయన చేసిన మొదటి పని మా ఊరికి పొద్దున్నే బస్సు వేయించడం. ఆ బస్సు వల్లే మా ఊరి ఆడపిల్లలం హైస్కూలు చూశాం. మేం పిల్లలం కొండ కింద అసెంబ్లీ ఆట ఆడేవాళ్లం. అందరికంటే పెద్ద గుండు ఎక్కి కూర్చున్నవాళ్లు స్పీకరు. మిగతావాళ్లం కింద నిలబడి గొంతు చించుకునేవాళ్లం. “అధ్యక్షా, మా జేజి బెల్లం ఉట్టి మీద దాచిపెడతాండాది!” అని నేను సభ దృష్టికి తీసుకువచ్చిన సందర్భం ఒకటుంది. అది నిజంగానే జేజి చెవిన పడి తొడపాశం తిన్నాను.

ఇట్లా ఉండగా ఒకరోజు జేజి నీళ్లకు పోయి ఖాళీ బిందెతో దిగివచ్చింది. దొన పక్కనున్న గుండ్ల మీద ఎవరో ఎర్రరంగుతో గుర్తులు పెట్టిపోయారు. రోడ్డు పనికి కంకర కావాలట. రెండు పెద్ద ఇళ్లలో ఒక ఇంటి అల్లుడు కంకర మిషను పెడుతున్నాడు. కొండను సర్కారు వాళ్లు ఆయనకు రాసిచ్చారు. ఉగాది పోగానే తూటాలు పేలుస్తారు. దొన మీద తూటా పెట్టనక్కర లేదు, పక్క బండ అదిరి అడుగున సన్నటి బీట పడితే చాలు, నీళ్లన్నీ కొండలోకి ఇంకిపోతాయి. ఆ తర్వాత ఎన్ని వానలు పడినా దొన నిండదు.

చిన్నాయన అధికారుల దగ్గరికి పోయాడు. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి, ఆ కొండ మీద నీళ్లున్నట్టు తమకు తెలియదని, చెయ్యగలిగిందేమీ లేదని చెప్పారు. పెద్ద ఇంటాయన కూడా పిలిపించి భుజం మీద చెయ్యేసి, “నీకెందుకప్పా ఇవన్నీ? నిన్ను నిలబెట్టింది ఊరికే కూర్చోమని గదా. ఉగాది పోనీ, నీకు మంచి కారు తెప్పిస్తాం” అన్నాడు. చిన్నాయన “ఊ” అని వచ్చేశాడు. ఆ వారమే హైదరాబాదు పోయాడు. ఎన్నికై అన్నాళ్లయినా అసెంబ్లీలో ఒక్కమాట మాట్లాడని మనిషి, లేచి నిలబడ్డాడు.

“అధ్యక్షా, మా ఊరి కొండ మీద దొన ఉండాది. దాన్ని పగలగొట్టాలని సూస్తాండారు. దొన పగిలితే మా ఊరు నిలబడదు” అన్నాడట.

మంత్రి గారు ఎక్కడో ఏటి ఒడ్డున పెరిగిన మనిషి. దొన అనే మాట ఆయన చెవిన ఎన్నడూ పడలేదు. పక్కవాళ్లను అడిగి, తనకు తెలిసిన మాటే అనుకుని లేచాడు. “గౌరవ సభ్యులు దొన్నెల విషయం ప్రస్తావించారు. వాటిని కుట్టేవారికి తగిన సాయం అందేలా చూస్తాం” అన్నాడు. వెనక బెంచీల్లోంచి ఒక సభ్యుడు గట్టిగా, “దొన్నె పగలదండీ, చినుగుతుంది!” అన్నాడు. సభంతా గొల్లుమంది. చిన్నాయన ఇంకేదో చెప్పబోయాడు గానీ ఆ నవ్వుల్లో ఆయన గొంతు వినపడలేదు. అట్లాగే కూర్చుండిపోయాడు.

మర్నాడు పేపర్లో మూలన చిన్న డబ్బా కట్టి ‘సభలో దొన్నె’ అని వేశారు. సాయిబు మామ ఆ పేపరును మడిచి సీటు కింద దాచేశాడు. కానీ మధ్యాహ్నానికల్లా బస్సులో వచ్చేవాళ్లు, పోయేవాళ్లు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఏమప్పా, దొన్నె ఎమ్మెల్యే యాడ?” అని అరవడం మొదలుపెట్టారు. బళ్లో నన్ను దొన్నెమ్మ అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ నవ్విన వాళ్లందరి మీదా, పేరూ ఊరూ తెలియకపోయినా, పీకల దాకా కోపం వచ్చింది.

చిన్నాయన ఊరికి వచ్చాడు. మళ్లీ అసెంబ్లీకి పోనన్నాడు. పొద్దున్నే షాపు తెరిచి, తెల్లచొక్కా మోచేతుల దాకా మడిచి, ట్యూబు తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ కూర్చునేవాడు. ఉగాది దగ్గర పడుతోంది. అటుపక్క కొండ కింద కంకర మిషను దించారు. సాయిబు మామ ఒకరోజు ఉండబట్టలేక, “ఏమప్పా, ఇట్లనే కూర్చుంటావా?” అని అడిగాడు.

“వాళ్ల తెలుగు నాకు రాదప్పా. నా తెలుగు వాళ్లకు అర్థం కాదు. ఇంగ ఏం మాట్లాడాల?” అన్నాడు చిన్నాయన. అంతలోనే నన్ను పిలిచాడు. “పాపా, నీ తెలుగు వాచకం తే. నాకు నేర్పీ.”

అట్లా నేను ఎమ్మెల్యేకు పంతులమ్మనయ్యాను. ఐదో తరగతి చదువుతున్నాను గనుక నా గర్వానికి అంతులేదు. సైకిలు షాపులో పాత టైర్ల గుట్ట మీద కూర్చుని పాఠం చెప్పేదాన్ని.

“యాడ కాదు చిన్నాయనా, ఎక్కడ.”

“ఎక్కడ.”

“శానా కాదు, చాలా.”

“చాలా.”

“ఉండాది కాదు, ఉంది.”

చిన్నాయన పంపు పక్కన పెట్టి ఆలోచించాడు. “ఉంది అంటే చప్పున అయిపోయినట్టుండాది గదమ్మా. ఉండాది అంటే సూడు, నిన్న ఉండాది, ఇయ్యాల ఉండాది, రేపు గూడా ఉంటాది అన్నట్టు లేదా?”

“వాచకంలో ఉంది అనే ఉంది” అన్నాను నేను కచ్చితంగా. ఆయన బుద్ధిమంతుడిలా “ఉంది, ఉంది” అని అప్పజెప్పాడు.

ఈ చదువు సాగుతుండగా ఊళ్లోకి ఒక జీపు వచ్చింది. మంత్రి గారు సభలో మాట ఇచ్చారు కదా, దాన్ని పట్టుకుని ఒక యువ అధికారి వచ్చాడు. “ఈ ఊళ్లో దొన్నెలు కుట్టేవాళ్లు ఎవరెవరు?” అని అడిగాడు. ఏదో ఇస్తారనుకుని వీధి వీధంతా చేతులెత్తింది. మోదుగ చెట్టు ఎట్లా ఉంటుందో తెలియని మగవాళ్లు కూడా ఎత్తారు. అసలు సంగతేమిటో జేజికి అప్పటిదాకా పూర్తిగా తెలియదు. కొడుకు మొహం చూసి అడగలేదు. అధికారి నోట విని, అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ మళ్లీ “దొన్నె చినుగుతాదంట!” అంటూ నవ్వింది. చిన్నాయన మొహం కందగడ్డ అయిపోయింది.

“నువ్వు గూడానా మా?” అన్నాడు.

జేజి నవ్వు ఆపింది. “దీనికా నువ్వు నోరు కట్టేసుకుని కూర్చున్యావు? వాళ్లకు దొన తెలీదు. దొన్నె తెల్సు. అంతే గదా? తెల్సిన దాంట్లో తెలీనిది పోసి ఇయ్యి. తాగితే తెలుస్తాది.”

“అసెంబ్లీలో నీళ్లు పంచమంటావా? మళ్లీ నవ్వుతారు.”

“నవ్వనీ. నవ్వినోనికి గూడా దప్పికైతాది.”

చిన్నాయన ఇంకో భయం బయటపెట్టాడు. “ఆ పెద్దింటోళ్లకు కోపమొస్తాది మా. మళ్లీ టికెట్ ఇయ్యరు.”

“ఇయ్యకుంటే పంచర్లేసుకో. సైకిళ్లు యాడికి పోతాయి?” అంది జేజి.

ఆ మాటకు సాయిబు మామ చప్పట్లు కొట్టాడు. చిన్నాయన ఎంతో కాలానికి నవ్వాడు. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆ నవ్వులోనే ఆయన మళ్లీ అసెంబ్లీకి పోతాడని నాకు తెలిసిపోయింది.

సాయిబు మామ ఆత్మకూరు పోయి అడవి పక్క ఊళ్లలో మోదుగాకు మోపులు కొనుక్కొచ్చాడు. ఆడవాళ్లంతా మా ఇంటి ముందు చేరారు. ఆకును నాలుగు పక్కలా మడిచి సన్నటి పుల్లతో గుచ్చితే దొన్నె. చూడ్డానికి తేలికే. నేను గుచ్చినదానికల్లా చిల్లి పడేది. జేజి దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “దీంట్లో పోసిస్తే మంత్రి పంచె తడిసి పోతాది” అని పక్కన పడేసింది. ఆ పక్కన పడేసినవాటిని మేం పిల్లలం టోపీలుగా పెట్టుకుని, అసెంబ్లీ ఆట ఆడుకున్నాం.

ప్రయాణం రోజు పొద్దున్నే జేజి స్వయంగా కొండెక్కి నీళ్లు తోడించింది. రెండు పెద్ద పాలక్యాన్లలో నింపి, మూతులకు గుడ్డలు కట్టి, చుట్టూ తడిపిన గోనెసంచులు చుట్టారు. బస్సు టాపు మీద ఎక్కించి డోన్ దాకా, అక్కడి నుంచి రైల్లో. ఎమ్మెల్యే ఒక క్యాను పట్టుకున్నాడు, సాయిబు మామ ఇంకోటి. వాళ్ల చంకల్లో దొన్నెల కట్టలు. బస్సు కదులుతుంటే చిన్నాయన కిటికీలోంచి నన్ను పిలిచి, “ఉంది. ఎక్కడ. చాలా. సరిపోయిందా?” అన్నాడు. సరిపోయింది అని అరిచాను.

ఆ తర్వాత ఏం జరిగిందో చూసినవాడు సాయిబు మామ. జనం కూర్చునే మెట్ల మీది నుంచి చూశాడు. తిరిగొచ్చాక దాన్ని షాపు ముందు ఎన్నిసార్లు ఆడి చూపించాడో లెక్కలేదు. గాలి పంపు పిడి ఆయనకు మైకు.

చిన్నాయన లేవగానే సభలో ముసిముసి నవ్వులు మొదలయ్యాయట. ఆయన నేను నేర్పిన తెలుగు అందుకున్నాడు. “అధ్యక్షా, మా గ్రామ సమీపమునందు గల కొండపైన ఒక... ఒక...” అని ఆగిపోయాడు. దొనకు నా వాచకంలో మాట లేదు. వెనక నుంచి ఎవరో “దొన్నె!” అని అందించారు. మళ్లీ సభంతా గొల్లుమంది. ఈసారి చిన్నాయన కూర్చోలేదు. వాళ్లతోపాటు తనూ నవ్వాడు. నవ్వి, తన మాటలోకి దిగాడు.

“ఔ సామీ, దొన్నెనే. అధ్యక్షా, నాకు పుస్తకంలో మాట రాదు. మా అన్న కూతురు శానా నేర్పించింది గానీ నాకే ఎక్కలేదు. మా మాటలోనే చెప్తా. మా కొండ మీద దొన ఉండాది. మా అమ్మ పుట్టకముందు నుంచి ఉండాది. ఇయ్యాల గూడా ఉండాది. ఉగాది ఎల్లినాక ఉంటాదో ఉండదో మీ చేతిలో ఉండాది. నోటితో చెప్తే మీకు నవ్వొస్తాండాది. అందుకని దాన్ని తెచ్చి బయట వరండాలో పెట్టినా. మీకు తెల్సిన దొన్నెలోనే పోసిస్తా. తాగిపోండి.”

ఎండాకాలం. సభ విరామానికి లేచింది. వరండాలో గోడవారన చిన్నాయన, ఆయన పక్కన సాయిబు మామ, రెండు క్యాన్లు. మొదట అక్కడి బంట్రోతులు తాగారు. తర్వాత ఒకరిద్దరు సభ్యులు వేడుక చూడ్డానికి వచ్చారు. వాళ్లలో ‘చినుగుతుంది’ అన్నాయన కూడా ఉన్నాడు. ఒక్క గుక్క తాగి ఆగిపోయాడు. మిగిలింది మెల్లగా తాగి, దొన్నె మళ్లీ ముందుకు చాపాడు. చూస్తుండగానే వరుస కట్టారు. రెండు వైపుల పార్టీల వాళ్లూ ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. చిట్టచివర మంత్రి గారు వచ్చారు.

ఆయన రెండు చేతులతో పట్టుకుని పూర్తిగా తాగాడు. “ఎంత చల్లగా ఉన్నాయి! తియ్యగా కూడా ఉన్నాయి. ఎక్కడివండీ ఈ నీళ్లు?” అన్నాడు.

“దొనలోవి సార్” అన్నాడు చిన్నాయన.

మంత్రి గారు చేతిలోని ఖాళీ దొన్నెను చూశాడు. క్యాను వైపు చూశాడు. “ఇదా మీరు చెప్పింది!” అన్నాడు.

“ఔ సార్. ఉగాది ఎల్లినాక ఉండవు.”

ఇక్కడికి రాగానే సాయిబు మామ పంపు కింద పెట్టేసి, బీడీ వెలిగించుకునేవాడు. మేమంతా “ఆమైన? ఆమైన?” అని, తర్వాతేమైందో చెప్పమని మీద పడేవాళ్లం. ఆమైన ఏముంది, ఉగాదికి ముందే అధికారులు కొండెక్కారు. దొన ఒడ్డున కూర్చుని జేజి పోసిన నీళ్లు తాగారు. కంకర మిషను నీటి చుక్క లేని వేరే గుట్ట దగ్గరికి తరలిపోయింది. గుండ్ల మీది ఎర్రరంగును జేజి కొబ్బరి పీచుతో చాలా రోజులు రుద్దింది. ఆ ఏడు కొత్తనీళ్ల పండగకు, పిలవకపోయినా, ‘చినుగుతుంది’ అన్న సభ్యుడు భార్యాపిల్లలతో వచ్చాడు. జేజి ఆయనకు దొన్నె అందిస్తూ, “జాగర్త నాయనా, చినుగుతాది” అంది. ఆయన సిగ్గుపడి, ఆమె కాళ్లకు మొక్కాడు.

చిన్నాయన జేజితో అన్నట్టే, ఆయనకు మళ్లీ టికెట్ ఇవ్వలేదు. పెద్దింటి వాళ్లలో ఒకరు నిలబడ్డారు. వాళ్ల జీపులు మైకులు మోగించుకుంటూ షాపు ముందు నుంచి పోయేవి. చిన్నాయన తొట్టిలో బుడగలు చూస్తూ కూర్చునేవాడు. దాన్ని ఓటమి అనుకున్నవాళ్లు ఉన్నారు. నాకెప్పుడూ అట్లా అనిపించలేదు, ఆయనకూ అనిపించలేదు. ‘దొన్నె ఎమ్మెల్యే’ అన్న పిలుపు మాత్రం పోలేదు. వెక్కిరింతగా మొదలైన మాట కాలం గడిచేకొద్దీ ముద్దుపేరైంది. చివరికి ఆయనే షాపు గోడ మీద సున్నంతో ‘దొన్నె సైకిల్ షాపు’ అని రాయించుకున్నాడు. దూరపు ఊళ్ల వాళ్లు కూడా కష్టం వస్తే అక్కడికే వచ్చేవాళ్లు. పదవి లేదని తెలిసీ వచ్చేవాళ్లు. ఆయన “ఊ” అని విని, చొక్కా వేసుకుని, వాళ్లతోపాటు ఆఫీసులకు పోయేవాడు.

నేను ఆయన వేయించిన బస్సులోనే హైస్కూలుకు, తర్వాత కర్నూలుకు పోయి చదివి తెలుగు టీచరునయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మా సీమ పిల్లల చేత ‘ఉంది’ అనిపించడమే నా పని. పరీక్షలో ‘ఉండాది’ అని రాస్తే సున్నా చుట్టాలి గదా. ఎర్రసిరాతో ఆ మాట కొట్టేసిన ప్రతిసారీ చిన్నాయన గుర్తొచ్చేవాడు.

ఇంతా విని మనవరాలు చల్లారిన బిర్యానీని పక్కకు నెట్టి, “ఆ దొన ఇప్పుడు ఉందా అవ్వా?” అని అడిగింది.

నాకు తెలియదు. ఊరొదిలి చాలా కాలమైంది. జేజి, చిన్నాయన, సాయిబు మామ అందరూ పోయారు. ఆ పక్కంతా ఫ్యాక్టరీలకు భూములు తీసుకున్నారని, విమానాలు దిగుతున్నాయని విన్నాను. పోయి చూస్తే ఏం కనిపిస్తుందోనని భయం వేసింది. “నంద్యాలలో పని ఉంది గదా” అన్నాను. పిల్ల వినలేదు. డ్రైవరుతో కారు తిప్పించింది.

రోడ్డు మారింది, ఊరు మారింది. సైకిలు షాపున్న చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. కొండ మాత్రం అట్లాగే ఉంది. ఆకాశంలో ఒక చిన్న విమానం దాని మీదుగా వంగి దిగుతోంది. కొండ కింద రెండు మూడు మేకలు తోలుకుంటూ ఒక ఆమె కనిపించింది.

“దొన ఉండాదా మా?” అని అడిగాను. ఎన్నాళ్లకో ఆ మాట నా నోట్లోంచి అట్లా వచ్చింది.

“ఉండకేం? నీళ్లు ఉండాయి, పోయి సూడు పాపా” అని ఆమె నా మనవరాలికి దారి చూపించింది. “చెప్పులు ఈడనే ఇడ్సు” అని కూడా అంది.

నా మోకాళ్లు కొండెక్కవు. కింద ఒక గుండుకు ఆనుకుని కూర్చున్నాను. అది మా స్పీకరు గుండే. పిల్ల చెప్పులు విడిచి, బండల మీద కాళ్లు కాలుతున్నా గెంతుకుంటూ పైకి పోయింది. కాసేపు కనిపించలేదు. అంతలో పైన పెద్ద గుండు పక్కన దాని తల కనిపించింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది.

“అవ్వా! ఉండాయి! నీళ్లు ఉండాయి!”

జీవితమంతా ఆ మాట దిద్దిన పంతులమ్మను. ఆ రోజు దిద్దలేదు.